బెడ్‌రూమ్ కర్టెన్లకు రింగులా, కుచ్చిళ్ళా?

ప్రశ్న: ఈమధ్యే సొంతింట్లోకి మారాం. బెడ్‌రూమ్‌లో ఒకటే కిటికీ, తూర్పు వైపు, 5 అడుగుల వెడల్పు. మావారిది నైట్ షిఫ్ట్. పొద్దున ఏడింటికి వచ్చి పడుకుంటారు. నేను తొమ్మిదింటికి ఆఫీసుకు బయల్దేరాలి. నా బట్టలు, అద్దం అన్నీ ఆ గదిలోనే. కిటికీకి ఎడమ పక్క జానెడు గోడ వదిలి బీరువా ఉంది, కుడి పక్క గోడంతా ఖాళీ. పైన అంగుళం మందం స్టీల్ రాడ్డు ముందే బిగించి ఉంది, మధ్యలో కూడా ఒక బ్రాకెట్ ఉంది. వెలుతురు లోపలికి రానివ్వని బ్లాకౌట్ కర్టెన్లు కుట్టిద్దామని వెళ్తే "పైన ఏ మోడల్ పెట్టమంటారు? ఐలెట్టా, ప్లీట్సా, రిపులా, లూపులా?" అని అడిగారు. తెల్లమొహం వేశాను. మా ఆడపడుచు కళ్ళు మూసుకుని రింగులు పెట్టించుకో అంటోంది. మా అత్తగారేమో రాడ్డు దూర్చేలా కుట్టిస్తే సరిపోయేదానికి ఎందుకింత రాద్ధాంతం అంటున్నారు. నాకు ఫొటోల్లో చూసిన రిపుల్ మీద మనసుంది. ఏది కుట్టించమంటారు?

సమాధానం: మీ ఉత్తరంలో నన్ను ఆకట్టుకున్నది మోడళ్ళ పేర్లు కాదు, మీవారు పొద్దున ఏడింటికి పడుకుంటారన్న మాట. తూర్పు కిటికీ, ఏడింటి ఎండ, పక్క మీద అప్పుడే నడుం వాల్చిన మనిషి, అదే గదిలో ఆఫీసుకు తయారయ్యే మీరు. మీ కర్టెన్ పైభాగం ఎలా ఉండాలో ఈ నాలుగే తేలుస్తాయి. హాల్లో కర్టెన్ అయితే మీకేది నచ్చితే అది వేసుకోండని ఒక్క ముక్కలో తేల్చేసేదాన్ని.

చాలామంది చీకటంతా గుడ్డలో ఉందనుకుంటారు. గుడ్డ పని గుడ్డ చేస్తుంది, నిజమే. మంచి బ్లాకౌట్ గుడ్డలోంచి చుక్క వెలుతురు రాదు. వచ్చేదంతా అంచుల్లోంచి వస్తుంది: పైనుంచి, రెండు పక్కలనుంచి, రెండు ముక్కలు కలిసే నడిమి చీలికలోంచి. ఈ దారుల్లో ఏవి మూతపడతాయో, ఏవి తెరుచుకునే ఉంటాయో తేలేది పైన వేసే కుట్టును, దాన్ని వేలాడదీసే పద్ధతిని బట్టే. ఖరీదైన బ్లాకౌట్ గుడ్డ కొని, దానికి రింగులు కొట్టించి, గదిలో ఇంకా వెలుతురేనని వాపోయే వాళ్ళను ఎంతమందిని చూశానో లెక్కలేదు.

అందుకే మీ ఆడపడుచు మాట దగ్గర మొదలుపెడతాను. రింగుల కర్టెన్, అంటే ఐలెట్, చెడ్డదేం కాదు. కుట్టడం తేలిక, గుడ్డ తక్కువ పడుతుంది (రాడ్డు పొడవుకు ఒకటిన్నర నుంచి రెండింతలు చాలు), మడతలు నిలువుగా, ఒకే తీరుగా పడతాయి. కానీ ఒకసారి పొద్దున్నే రింగుల కర్టెన్ మూసిన గదిలో నిలబడి పైకి చూడండి. గుడ్డ రాడ్డుకు ఒకసారి ముందు నుంచి, ఒకసారి వెనక నుంచి పోతుంది కదా, ఆ ఒంపుల వెనకంతా ఖాళీయే. ఆ ఖాళీల్లోంచి ఎండ పైకి ఎగబాకి కప్పుకు తగిలి గది మీదికి దిగుతుంది. మామూలుగా రింగు లోపలి వెడల్పు 40 మిల్లీమీటర్లు, మీ రాడ్డు మందం 25. ఆ తేడాలోంచి ప్రతి రింగులోనూ ఒక నెలవంక కనబడుతుంది. పగలు పడుకునేవాళ్ళకు ఆ నెలవంకలతో పనిలేదు.

రెండోది చప్పుడు. స్టీల్ రాడ్డు మీద లోహపు రింగు జరిగితే చర్రుమంటుంది. మా ఇంట్లో మొదటి కర్టెన్లు అవే. నేను పొద్దున్నే ఎంత మెల్లగా జరిపినా ఇంటిల్లిపాదీ లేచేవాళ్ళు. లోపల నైలాన్ వలయం ఉన్న రింగులు దొరుకుతాయి, వాటికి చప్పుడు బాగా తగ్గుతుంది. వెలుతురు సంగతి మాత్రం అలాగే ఉంటుంది.

ఇంకో చిన్న ముచ్చట చెప్పాలి, ఎందుకంటే మీరు వేరే గదికైనా రింగులే పెట్టిస్తారేమో. ఆ మొదటి కర్టెన్లకు కుట్టినాయన ఒక్కో ముక్కకు పదకొండు రింగులు కొట్టాడు. వేలాడదీశాక ఒక అంచు బుద్ధిగా గోడ వైపు తిరిగింది, రెండో అంచు విసనకర్రలా గదిలోకి పొడుచుకొచ్చింది. రింగులు ఎప్పుడూ సరిసంఖ్యలోనే ఉండాలి, అప్పుడే రెండు అంచులూ గోడ వైపు తిరుగుతాయి. ఈ సంగతి నాకు ఆ కర్టెన్‌ను రెండేళ్ళు చూసి విసుగెత్తాక తెలిసింది.

ఇక మీ అత్తగారి మాట. రాడ్డు దూర్చే కర్టెన్ అంటే పైన గొట్టంలా మడిచి కుట్టి, అందులోకి రాడ్డు ఎక్కించేది. రోజూ తెరిచి మూసే బరువైన కర్టెన్‌కు అది పనికిరాదు. గుడ్డ మొత్తం రాడ్డును పట్టుకుని ఉంటుంది, లాగితే ఒకచోట ఉండచుట్టుకుంటుంది, రెండోచోట కదలదు. కానీ ఆవిడ మాట పూర్తిగా తీసిపారేయకండి, మళ్ళీ ఆవిడ దగ్గరికే వస్తాను. లూపుల కర్టెన్, అంటే పైన గుడ్డ పట్టీలతో రాడ్డుకు వేలాడేది, దాని గురించి ఎక్కువ చెప్పను. లూపుకూ లూపుకూ మధ్య కిటికీ కనబడుతూనే ఉంటుంది. మీ గదికి వద్దు.

రిపుల్ మీద మీకు మనసుందన్నారు, అది న్యాయమైన కోరికే. పై నుంచి కింది దాకా ఒకే అలలా దిగుతుంది, ట్రాక్ మీద, అంటే గాడి ఉన్న పట్టీ మీద, సాఫీగా జారుతుంది, తెరిచినప్పుడు ఉన్నవాటిలో తక్కువ చోటు తీసుకుంటుంది. అయితే అది మీ రాడ్డు మీద పడదు. దానికి ప్రత్యేకమైన ట్రాక్ కావాలి. అందులో జారే గుండీలన్నీ సమాన దూరంలో తాడుతో కట్టి ఉంటాయి, కర్టెన్ పైన దానికి సరిపోయే టేపు కుట్టాలి. ట్రాక్ ఒకరి దగ్గర, టేపు ఇంకొకరి దగ్గర కొంటే అల కుదరదు. పైగా అల అటూ ఇటూ ఊగడానికి ట్రాక్ మధ్య గీత నుంచి గోడకు కనీసం మూడు అంగుళాలైనా ఖాళీ ఉండాలి, మీకు ముందే రాడ్డు ఉంది కాబట్టి ఇంకా ఎక్కువ వదలాలి. అలల మధ్య పైన కాస్త కాస్త సందులూ ఉంటాయి, రింగులంత కాదు. మీరు అడిగిన చోట రిపుల్ చాలాసార్లు కుట్టి ఉంటే, ఇంకెవరి ఇంట్లోనో వేలాడుతున్నది చూపిస్తే, వేయించుకోండి, నేను అడ్డుపడను. "చేసేద్దాం మేడమ్, ఏముంది" అంటే మాత్రం మీ గుడ్డ మీద నేర్చుకోనివ్వకండి.

నన్ను అడిగితే మీ గదికి కుచ్చిళ్ళ కర్టెన్, అదే ప్లీట్స్. రాడ్డు మీద కాదు, కప్పుకు బిగించిన ట్రాక్ మీద. అదీ రెండు ముక్కలుగా కాకుండా ఒకే ముక్కగా, కుడి వైపుకు తెరుచుకునేలా.

ఒకే ముక్క ఎందుకంటే, మీ ఎడమ పక్కన ఉన్నది జానెడు గోడ, అంటే తొమ్మిది అంగుళాలు. లైనింగ్ వేసిన కర్టెన్‌ను ఎంత ఒత్తిగా నెట్టినా, ఈ వెడల్పు కిటికీకి ఒక్కో పక్క పది పన్నెండు అంగుళాలు పోగుపడుతుంది. రెండు ముక్కలైతే ఎడమది తెరిచినా కిటికీ అద్దం మీదికి కాస్త వచ్చే కూర్చుంటుంది, లేదా బీరువా తలుపుకు తగులుతుంది. కుడి పక్క గోడ ఖాళీగా ఉందన్నారు. మొత్తం అటే పోనివ్వండి. రెండడుగుల మేర అక్కడ పోగుపడుతుంది, కిటికీ అంతా తెరుచుకుంటుంది. దీంతో ఇంకో లాభం, నడిమి చీలికే ఉండదు. పొద్దున ఏడింటికి నిలువునా పక్క మీద పడే ఆ వెలుతురు గీత పీడ వదిలినట్టే. ఇదంతా ట్రాక్ మీదే కుదురుతుంది. మీ రాడ్డుకు నడిమి బ్రాకెట్ ఉంది, ఏ మామూలు రింగూ దాన్ని దాటి పోలేదు. దాటే రకం రింగులు, అడుగు భాగం తెరిచి ఉండేవి, ఉన్నాయి గానీ అవి అక్కడక్కడా తట్టుకుంటుంటాయి, లైనింగ్ బరువుకు ఇంకానూ.

ట్రాక్‌ను కప్పుకు బిగిస్తే పైనుంచి వచ్చే వెలుతురుకు దారి దాదాపు మూసుకుపోతుంది. కుచ్చిళ్ళ కర్టెన్‌లో హుక్కులు గుడ్డ వెనక ఉంటాయి. హుక్కును పై అంచుకు ఒక అంగుళం కిందికి పెట్టించండి. అప్పుడు గుడ్డ అంచు ట్రాక్ ముందుకు లేచి దాన్ని కప్పేస్తుంది. కప్పుకు రాసుకోకుండా పావు అంగుళం వదలాలి, లేకపోతే జరిపినప్పుడల్లా పైన నల్లటి గీత పడుతుంది. ఒక జాగ్రత్త: మీ కప్పు కింద ఫాల్స్ సీలింగ్ ఉంటే, ఆ పలచటి పలకలో మేకు దిగినా నిలవదు. పైన చెక్క వేసి ఉంటే దానికి బిగించవచ్చు. అదీ లేకపోతే గోడకే, వీలైనంత పైన, బ్రాకెట్ల మీద ట్రాక్ వేయించండి.

కుచ్చిళ్ళలోనూ రెండు మడతలవి, మూడు మడతలవి ఉంటాయి. లైనింగ్ తోడైతే మూడు మడతలు పిడికిలంత లావవుతాయి, తెరిచినప్పుడు ఎక్కువ చోటు తింటాయి. రెండు మడతలవే చెప్పండి. లోపల గట్టిదనం కోసం వేసే బక్రం నాలుగంగుళాలది, ఉతికినా మెత్తబడని రకం కావాలని అడగండి. గంజి పెట్టి గట్టిచేసిన పాత రకం బక్రం రెండు ఉతుకులకే వాడిన తోటకూర కాడలా వంగిపోతుంది.

అదే దారిలో కాస్త తేలికైనది ఒకటుంది, పెన్సిల్ ప్లీట్. పైన తాళ్ళున్న టేపు కుట్టి, పైజామా బొందు లాగినట్టు లాగితే సన్న కుచ్చులు పడతాయి. వెడల్పు ఎప్పుడైనా మార్చుకోవచ్చు, ఉతికేటప్పుడు తాళ్ళు వదులు చేస్తే దుప్పటిలా పరుచుకుంటుంది, టేపులో మూడు వరసల గూళ్ళుంటాయి కాబట్టి కర్టెన్ కాస్త పొట్టిదైనా పొడుగైనా హుక్కు మార్చి సర్దుకోవచ్చు. అద్దె ఇళ్ళవాళ్ళకు నేను చెప్పేది ఇదే. మీది సొంతిల్లు, కొలత మారదు. రబ్బరు పూత ఉన్న మందపాటి బ్లాకౌట్ గుడ్డ సన్న కుచ్చులకు లొంగదు కూడా, పైన బుంగలు బుంగలుగా తేలుతుంది. ఒకవేళ ఇదే ఎంచుకుంటే మిగిలిన తాడును కత్తిరించనివ్వకండి. ముడి వేసి, చుట్టి, వెనక దాచమనండి. తాడు కత్తిరిస్తే ఆ టేపు మళ్ళీ ఎప్పటికీ చదునుగా పరుచుకోదు.

ఇప్పుడు లెక్క చూద్దాం, ఎందుకంటే నేను చెప్పినదానికి గుడ్డ ఎక్కువ పడుతుంది, ఆ మాట దాచను. ట్రాక్ పొడవు: ఎడమ తొమ్మిది, కిటికీ అరవై, కుడి పాతిక, మొత్తం 94 అంగుళాలు. కుచ్చిళ్ళకు దానికి రెండింతలు తీసుకుంటే 188. రెండు చివర్లా గోడ వైపు తిప్పడానికి చెరో ఆరు, అంచు మడతలకు ఇంకో ఎనిమిది కలిపితే 208. కర్టెన్ గుడ్డ పన్నా 54 అంగుళాలనుకుంటే నాలుగు పన్నాలు కలిపి కుట్టాలి. మీరు గది ఎత్తు రాయలేదు, తొమ్మిదిన్నర అడుగులనుకుందాం. పై మడత, కింది మడత కలిపి ఒక్కో పన్నాకు 126 అంగుళాలు పోతుంది, నాలుగింటికి 12.8 మీటర్లు. అదే ఉన్న రాడ్డు మీద, నేల నుంచి ఏడున్నర అడుగుల ఎత్తులో, రింగుల కర్టెన్ అయితే మూడు పన్నాలు, సుమారు 7.8 మీటర్లతో సరిపోయేది. అంటే అయిదు మీటర్లు అదనం, ట్రాక్ ఖర్చు వేరే. గుడ్డలో పువ్వులో గళ్ళో ఉంటే పన్నాలు కలిపేచోట డిజైన్ కలవాలి కాబట్టి ఇంకా ఎక్కువవుతుంది. బడ్జెట్ కుదరకపోతే పువ్వులు వదిలేసి ప్లెయిన్ గుడ్డ తీసుకోండి, కుచ్చు మాత్రం తగ్గించకండి. వెడల్పులో పిసినారితనం చేసిన కుచ్చిళ్ళ కర్టెన్ మూసినప్పుడు బిగుసుకుపోయిన చొక్కాలా ఉంటుంది.

పక్కల గురించి కూడా చెప్పేస్తాను. చివరి హుక్కును ట్రాక్ దగ్గరే ఆపకుండా గుడ్డను గోడ దాకా తిప్పి, గోడకు ఒక చిన్న కొక్కెం బిగించి దానికి తగిలించాలి. ఇందాక చెరో ఆరు అంగుళాలు కలిపింది దీనికే. బీరువా వైపు కర్టెన్ మూశాకే తగిలించాలి, తెరిచేటప్పుడు తియ్యాలి, అది ఒక చెయ్యి పని. కుడి వైపు మాత్రం శాశ్వతంగా తగిలించి వదిలెయ్యవచ్చు.

బ్లాకౌట్‌కు వస్తే, పూత ఉన్న గుడ్డనే నేరుగా కర్టెన్‌గా కుట్టించకుండా, మీకు నచ్చిన మామూలు గుడ్డకు వెనక బ్లాకౌట్ లైనింగ్ వేయించండి. ముందు గుడ్డ మెత్తగా ఉంటే కుచ్చు అందంగా దిగుతుంది. లైనింగ్‌ను కలిపి కుట్టకుండా దానికి వేరే టేపు వేయించి అవే హుక్కులకు తగిలిస్తే ఉతికేటప్పుడు రెండూ విడివిడిగా తీయొచ్చు. పూత మీద సూది దిగిన చోటల్లా చిల్లు ఉండిపోతుంది, కుట్టు విప్పినా పూడదు. ఎండకు ఆ చిల్లులు చుక్కల్లా మెరుస్తాయి. అందుకని కొలత ఒకటికి రెండుసార్లు చూశాకే కుట్టు వేయమనండి. ముందు గుడ్డ కాటన్ అయితే కత్తిరించకముందే తడిపి ఆరేయించండి, లేకపోతే మొదటి ఉతుకులోనే నేలకు రెండు మూడంగుళాలు ఎత్తున వేలాడుతుంది.

ఇప్పుడు మీ అత్తగారి దగ్గరికి వద్దాం. ఆ స్టీల్ రాడ్డును పీకెయ్యకండి. దానికి రాడ్డు దూర్చే పలచటి తెరలు రెండు కుట్టించండి, నడిమి బ్రాకెట్‌కు అటొకటి ఇటొకటి. అవి రోజూ కదిలించేవి కావు, ఊరికే అలా ఉంటాయి. మీవారికి సెలవున్న రోజు పెద్ద కర్టెన్ తెరిచినా ఎదురింటివాళ్ళ కళ్ళు లోపల పడవు. పలచటి గుడ్డకు ఆ పాతకాలపు కుట్టు ఎంత బాగుంటుందో మిగతావేవీ బాగుండవని నా అభిప్రాయం, ఈ విషయంలో మీ అత్తగారితో నేనూ ఓటేస్తాను. అయితే ట్రాక్‌ను గోడకు ఆరంగుళాలు ఎడంగా వేయించాలి. రాడ్డు మామూలుగా గోడ నుంచి మూడు మూడున్నర అంగుళాలు ముందుకు ఉంటుంది, కుచ్చు దానికి రాసుకోకూడదు. మీ రాడ్డు గోడకు ఎంత దూరంలో ఉందో ముందే కొలిచి చూసుకోండి.

ఇక మీ పొద్దుటి హడావిడి. ఆయన పడుకున్నాక మీకు కాస్త వెలుతురు కావాలి కదా. కర్టెన్ ముందు అంచుకు ఒక సన్నటి కర్ర తగిలించమనండి, మీ చేతికి అందేంత పొడవుండాలి. అది పట్టుకుని ఒక అడుగు మేర జరిపితే బీరువా దగ్గరికి సరిపడా వెలుతురు వస్తుంది, మీరు బయల్దేరేటప్పుడు మళ్ళీ మూసేయొచ్చు. తెరుచుకునే అంచు బీరువా పక్కకే రావడం మీ అదృష్టం. చేత్తో గుడ్డ పట్టి లాగితే ఆ అంచు ఆర్నెల్లలో నల్లబడుతుంది, మొదటి కుచ్చు కూడా సాగిపోతుంది. ట్రాక్‌లో నైలాన్ చక్రాలు ఉంటే చప్పుడే ఉండదు, దుకాణంలోనే ఒకసారి జరిపించి వినండి.

చివరగా, కర్టెన్ వేలాడదీసిన రోజున అది మీరు ఊహించినట్టు ఉండదు. కుచ్చులు పైన బుద్ధిగా ఉండి కిందికొచ్చేసరికి ఎటుపడితే అటు విచ్చుకుంటాయి. కుట్టినాయన్ను తిట్టకండి. కర్టెన్ మొత్తం కుడికి జరిపి, ఒక్కో కుచ్చును పై నుంచి రెండు వేళ్ళ మధ్య పట్టుకుని నేల దాకా సవరిస్తూ దిగండి. అన్నీ సర్దాక మెత్తటి గుడ్డ పేలికలతో మూడు చోట్ల వదులుగా కట్టండి: నడుం ఎత్తున ఒకటి, దానికి పైన ఒకటి, కింద ఒకటి. బిగించి కడితే ఆ చోట అడ్డంగా ముడత పడిపోతుంది. రెండు మూడు రోజులు అలాగే వదిలేస్తే గుడ్డకు ఆ మడత అలవాటవుతుంది. ఆ రోజుల్లో కిటికీ తెరిచే ఉంటుంది కాబట్టి, బిగించేవాళ్ళను మీవారికి వరసగా సెలవులు పడ్డప్పుడే రమ్మనండి.